టోకెన్ పడింది, డబ్బు పడలేదు

ఇవాళ మీరు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, డిగ్రీ పట్టాలు అందుకుంటున్నారు. మొదటి షిఫ్టు మస్టర్ పోగొట్టుకొని వచ్చిన మీ తల్లిదండ్రులు వెనక వరుసల్లో కూర్చున్నారు.

నేను ఈ మందమర్రి బొగ్గుగని క్వార్టర్లలో పుట్టి పెరిగిన కోల్ ఫిల్లర్ కొడుకుని. ఉద్యోగమంతా ఖజానా శాఖలో చేసి రిటైరయ్యాను. ప్రభుత్వ డబ్బు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో దగ్గర నుంచి చూశాను. అది ఆగితే మందమర్రిలో ఎవరి మీద పడుతుందో మీకు చెప్పాలనే వచ్చాను. ఎందుకంటే రేపట్నుంచి ఆ దెబ్బ తిన్న మనిషి ముందుగా మీ దగ్గరికే వస్తాడు.

ముందు అంకెలు చూడండి. 2023–24 తెలంగాణ బడ్జెట్‌లో వైద్య ఆరోగ్యానికి 12,161 కోట్లు కేటాయించారు. 2024–25లో అది 11,468 కోట్లయింది. ఆ ఏడాది మొత్తం బడ్జెట్ ఏమీ తగ్గలేదు, 2,91,159 కోట్లకు చేరింది. 2025–26లో కేటాయింపు మళ్లీ 12,393 కోట్లకు పెరిగింది. అయినా మొత్తం మీద అది నాలుగు శాతం దగ్గరే ఉంది. రాష్ట్రాలు 2020 నాటికి తమ ఖర్చులో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఇందులో ఏ ఒక్క పార్టీనో నిలదీయడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వం మారినా ఈ వాటా పెద్దగా మారలేదు.

2024–25లో పడిన లాంటి కోత బడ్జెట్ పుస్తకంలో కనబడుతుంది, పేపర్లో వస్తుంది, అసెంబ్లీలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అసలు కోత ఇంకోటుంది. దాని గురించి వివరంగా చెప్పాలి.

బడ్జెట్ పాసైనంత మాత్రాన డబ్బు రాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, శాఖ మంజూరు చేయాలి, బిల్లు ఖజానాకు రావాలి. అక్కడ ముందు టోకెన్ నంబరు పడుతుంది, తర్వాత పరిశీలన జరుగుతుంది. పరిశీలనలో పాసైందంటే ఆ బిల్లు సరైనదేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. కానీ డబ్బు పడాలంటే మళ్లీ పైనుంచి క్లియరెన్సు రావాలి. 'సార్, టోకెన్ పడింది, డబ్బు పడలేదు' అన్న మాట నేను వినని రోజు లేదు. మార్చి 31 రాత్రి దాకా చూసి, చెల్లించని బిల్లులు వెనక్కి పోతాయి. కొత్త ఏడాదిలో మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవాలి. పుస్తకంలో మాత్రం కేటాయింపు చెక్కుచెదరదు. దాన్ని కోత అని ఎవరూ అనరు, 'పెండింగ్' అంటారు.

ఆసుపత్రి వార్డులకు భోజనం పెట్టే డైట్ కాంట్రాక్టర్లు మా ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు. బిల్లు రెండు నెలలు ఆగితే రోగి పళ్లెంలోంచి గుడ్డు పోయేది. నాలుగు నెలలు ఆగితే పాలు పలచబడేవి. బాలింతకు గుడ్డు ఆగిన సంగతి ఏ లెక్కలోనూ ఎక్కదు. మా రిజిస్టర్లో ఆ బిల్లు నంబరు, తేదీ, పైసలతో సహా మొత్తం, అన్నీ ఉండేవి. ఆ తల్లి పేరు మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేదు.

మీకూ ఇది అనుభవమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని 2025 నవంబరులో రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. డబ్బు కడితేనే సర్టిఫికెట్ అని ఆఫీసు కిటికీ దగ్గర ఎంతమంది అమ్మానాన్నలు నిలబడ్డారో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. వృద్ధుల, వితంతువుల పింఛను 2019లో 2,016 అయింది. తర్వాత ఆరేళ్లు బియ్యం, నూనె, మందుల ధరలు పెరిగాయి గానీ ఆ అంకె కదల్లేదు. అదీ కోతే.

ఇక పేదల వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ బకాయిలు పేరుకుపోయాయంటూ 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. పరిమితి పది లక్షలున్నా, లోపలికి రానివ్వకపోతే అది ఎవరికి పనికొస్తుంది?

మన ఊళ్లో ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. సింగరేణి పర్మినెంట్ కార్మికుడికి రామకృష్ణాపూర్‌లో కంపెనీ దవాఖాన ఉంది, పెద్ద జబ్బయితే హైదరాబాద్‌కు రెఫరల్ ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న పర్మినెంట్ ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. ఆ పనుల్లో చాలావాటిని కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. అదే ఓపెన్‌కాస్ట్ గని (ఓసీ), అదే దుమ్ము, అదే షిఫ్టు. 2024 దసరాకు లాభాల వాటాగా పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలొచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి 5,000 ఇచ్చారు, అదీ చరిత్రలో మొదటిసారి. అతని పెండ్లానికి, ముసలి తల్లికి పెద్ద రోగమొస్తే దిక్కు ఆరోగ్యశ్రీ కార్డే. అంటే రాష్ట్రం బిల్లు ఆపితే మందమర్రిలో ముందు పడిపోయేది అతని ఇల్లు.

నా మేనల్లుడు ఓసీలో వాటర్ ట్యాంకర్ నడుపుతాడు, కాంట్రాక్టు మీద. గుండెలో బ్లాక్ ఉందని తేలి ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కార్డు చూపిస్తే 'ఇప్పుడు కేసులు తీసుకోవట్లేదు, వచ్చే వారం కనుక్కోండి' అన్నారు. స్టెంట్‌కు వారమెట్లా ఆగుతాం? నా చెల్లెలు ఒంటి మీది బంగారమంతా గోల్డ్ లోన్‌కు పెట్టింది. వాడు బతికాడు. తర్వాత ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే మా చేతిలో ఏముంది? కట్టిన డబ్బుకు రసీదు ఉంది. కార్డు తీసుకోబోమని చెప్పినందుకు ఒక్క చీటీ కూడా లేదు. ప్రభుత్వ లెక్కలో అతను డబ్బు కట్టి ఇష్టపడి వైద్యం చేయించుకున్న మనిషి.

నేను ఇవాళ మిమ్మల్ని అడిగేది దీని గురించే. మీరు రేపు నర్సుగానో, ల్యాబ్‌లోనో, హెల్ప్‌డెస్క్‌లో ఆరోగ్యమిత్రగానో, వార్డు ఆఫీసులోనో కూర్చుంటారు. లేదని చెప్పాల్సిన రోజులు వస్తాయి. మందు ఉండదు, రీఏజెంట్ ఉండదు, అప్రూవల్ రాదు. ఆ లేమికి కారణం మీరు కాదు. కానీ నోటిమాటతో పంపించేయకండి. ఏ తేదీన, ఏ సేవ, ఏ కారణంతో ఇవ్వలేకపోయారో రెండు లైన్లు రాసి చేతికివ్వండి. పై అధికారి వద్దంటే కనీసం మీ రిజిస్టర్లో రాసుకోండి. ప్రభుత్వం తను ఇచ్చిన ప్రతి రూపాయికీ కాగితం పెట్టుకుంటుంది. ఇవ్వని దానికి కాగితం పుట్టాలంటే అది మీ చేతి నుంచే పుట్టాలి.

కాగితం ఉంటే ఏమవుతుందో బొగ్గు ఊళ్ల సంగతే ఒకటి చెప్తాను. అమెరికాలో గని కార్మికుల ఊపిరితిత్తులకు ఉచితంగా ఎక్స్‌రే తీసే కార్యక్రమం అర్ధశతాబ్దంగా నడుస్తోంది. వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్ దానికి కేంద్రం. 2025 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య, మానవ సేవల శాఖ సిబ్బందికి తొలగింపు నోటీసులిచ్చింది, పరీక్షలు ఆగిపోయాయి. ఒక గని కార్మికుడు కోర్టుకెక్కాడు. కోత తేదీలతో సహా కాగితం మీద ఉంది కాబట్టి దాన్ని కోర్టు ముందు చూపించగలిగాడు. మే నెలలో ఐరీన్ బర్గర్ అనే జడ్జి ఆ సేవల్ని పునరుద్ధరించమని ఆదేశించారు. మన దగ్గర ఆగిన సేవలకు తేదీలే ఉండవు.

డబ్బు లేదన్న మాటను కూడా ఊరికే నమ్మకండి. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. పాత లీజులున్న గనులు కట్టే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం ఈ నిధికి జమ చేయాలి. అందులో పెద్ద వాటా తాగునీరు, ఆరోగ్యం, చదువు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల కోసమని నిబంధన. గనుల పక్కనున్న మనకోసమే పెట్టిన నిధి అది. మామూలు ఊళ్లలో కౌన్సిలర్‌ను పట్టుకొని అడగొచ్చు. ఇది ఏజెన్సీ (షెడ్యూల్డ్) ప్రాంతమా కాదా అన్న వివాదంతో మన మున్సిపాలిటీకి దశాబ్దాలుగా ఎన్నికలే లేవు, అడగడానికి వార్డుకో మనిషి లేడు. కాబట్టి మంచిర్యాల కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి మీరే పోవాలి. ఖనిజ నిధి నుంచి మందమర్రి దవాఖానలకు ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బడ్జెట్ పుస్తకంలో 2210 పద్దు తీయండి, అది వైద్యం, ప్రజారోగ్యం. అందులో బడ్జెట్ అంచనా చూసి ఆగిపోకండి. రెండేళ్ల తర్వాతి పుస్తకంలో వాస్తవ వ్యయం అచ్చవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎలా చదవాలో తెలియకపోతే నేను ఈ ఊళ్లోనే ఉంటున్నాను, ఆదివారాలు ఖాళీ. పుస్తకాలు నా దగ్గరున్నాయి, రండి.