ఫైర్ డ్యూటీ దిగిపోయినోళ్లను విడిచిపెట్టొద్దు
(వేదిక వార్షిక సభలో తూర్పు ప్రాంత సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేటోన్ని కాదు. డిప్లొమా చదివి, జుబైల్, రాస్ తనూరా దిక్కు కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. నా కింద మేసన్లు, వెల్డర్లు, స్కాఫోల్డర్లు ఉంటారు. వాళ్ల పక్కనే ఎర్ర సిలిండర్ పెట్టుకొని ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతను ఫైర్‌వాచ్. వెల్డర్ పని ఆపి చాయ్‌కి పోయినా అతను పోడు. నిప్పురవ్వ ఎక్కడైనా దాగుందేమోనని కనీసం అరగంట అక్కడే కాపలా ఉంటాడు. ఇంకా పెద్ద ప్లాంట్లలో ఫైర్ స్టేషన్లు, ఫైర్ ట్రక్కులు, షిఫ్టుల్లో పని చేసే ఫైర్‌మెన్లు ఉంటారు. వాళ్లలో మనోళ్లు కూడా ఉన్నారు. అట్లా ఏండ్లకేండ్లు మంటల ముందు నిలబడి, వయసు మీద పడి, ఇంటికి వెళ్లిపోయినోళ్ల గురించి ఈ రోజు మాట్లాడుతాను.

మన ఊర్లో సర్కారు ఫైర్ స్టేషన్‌లో పని చేసి రిటైరైన మనిషిని చూడండి. ఆయనకు పెన్షన్ వస్తుంది. స్టేషన్ అదే ఊర్లో, అదే చోట ఉంటుంది. బజారుకు పోతూ లోపలికి తొంగి చూస్తే పాత జూనియర్ లేచి కుర్చీ వేస్తాడు. ఏప్రిల్ 14 వస్తే దేశమంతటా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు మొదలవుతాయి, 20వ తేదీ దాకా జరుగుతాయి. మనకు అంబేద్కర్ జయంతి కాబట్టి ఆ తేదీ గుర్తుంచుకోవడం తేలికే. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్లు, పేలుడు సామాను కలిపి ఉన్నాయి. ఆర్పడానికి పోయిన ఫైర్ సిబ్బందిలో 66 మంది ఆ పేలుళ్లలో ప్రాణాలు విడిచారు. ఎనభై ఏండ్లు దాటినా వాళ్లకు ప్రతి ఏడూ నివాళి ఆగలేదు. అంటే చనిపోయినోళ్లను కూడా ఆ సర్వీసు విడిచిపెట్టలేదు.

మరి ఇక్కడ మన మనిషి సంగతేంది? కాంట్రాక్టు అయిపోతుంది. ఫైనల్ ఎగ్జిట్ పడుతుంది. గేటు పాసు, హెల్మెట్, బూట్లు స్టోర్‌లో అప్పజెప్పుతాడు. క్యాంపులో మంచం అదే రాత్రికి ఇంకొకరికి పోతుంది. ఇకామా పోతే దాని మీద తీసుకున్న సిమ్ కూడా కొన్నాళ్లకే ఆగిపోతుంది. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే, అబ్షర్ ఆ నంబరుకే, దోస్తుల దగ్గర ఉన్నదీ ఆ నంబరే. ఇరవై ఏండ్ల పరిచయాలన్నీ ఒక సిమ్ కార్డుతో పాటే తెగిపోతాయి. ఎవరూ ఎవరితో కొట్లాడలేదు, ఎవరూ ఎవరినీ మరవాలనుకోలేదు. నంబరు మారింది, అంతే.

"ఇంటికి పోయి పిల్లలతో హాయిగా ఉన్నాడు కదా, ఇంక మనతో ఏం పని" అని కొందరు అంటారు. పని ఉంది. అది ఆయనకూ ఉంది, మనకూ ఉంది. నాలుగు విషయాలు చెప్తాను.

మొదటిది ఆరోగ్యం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఫైర్‌మెన్ పనిని క్యాన్సర్ కలిగించే పనుల మొదటి వర్గంలో చేర్చింది. పొగలో, కాలిన ప్లాస్టిక్‌లో, కెమికల్స్‌లో ఉండే విషం ఒంట్లోకి పోయి వెంటనే బయటపడదు. పదేండ్లకో ఇరవై ఏండ్లకో బయటపడుతుంది. అప్పటికి మనిషి జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, శ్రీకాకుళంలోనో ఉంటాడు. ఊరి డాక్టరు "బీడీ తాగుతవా" అని అడుగుతాడు గానీ "ఇరవై ఏండ్లు పొగలో పని చేసినవా" అని అడగడు. మన మనిషీ చెప్పుకోడు.

న్యూయార్క్‌లో ఏం చేశారో చూడండి. 2001 సెప్టెంబర్ 11న అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్ 343 మందిని ఒక్క రోజులో పోగొట్టుకుంది. ఆ శిథిలాల దుమ్ము పీల్చినోళ్లు ఆ తర్వాత రోగాలతో ఒక్కొక్కరే పోయారు. 2023 నాటికి అట్లా పోయినోళ్ల లెక్క కూడా 343కు చేరింది. ఈ లెక్క బయటి ప్రపంచానికి ఎట్లా తెలిసింది? డ్యూటీలో ఉన్నోళ్లతో పాటు రిటైరైనోళ్ల పేర్లు కూడా పట్టికలో పెట్టుకొని, ఏటా పిలిచి పరీక్షలు చేయించారు కాబట్టి తెలిసింది. కొందరికి రోగం ముందే దొరికింది, మందు అందింది. మన దగ్గర ఆ పట్టికే లేదు. మనోడు దగ్గుతూ పోతే "పాపం, వయసైంది" అని అంటాం.

రెండవది హక్కు పైసలు, కాగితాలు. ఇది అందరికీ పనికొస్తుంది, జాగ్రత్తగా వినండి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే డబ్బు మొదటి ఐదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున, ఆ తర్వాతి ప్రతి ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క కట్టాలి. మనమే రాజీనామా చేస్తే, సర్వీసు పదేండ్లు నిండకుంటే కోత ఉంటుంది. సర్వీస్ సర్టిఫికేట్ అడిగితే కంపెనీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఏదైనా బాకీ ఉంటే పని ముగిసిన నాటి నుంచి పన్నెండు నెలల లోపల లేబర్ కోర్టుకు పోవాలి. ఆ గడువు దాటితే దావా తీసుకోరు. పని వల్ల వచ్చే ప్రమాదాలకు, రోగాలకు గోసీ బీమా ఉంది. విదేశీ కార్మికుడి తరఫున కంపెనీ కట్టేది రెండు శాతం.

ఇవన్నీ ఊరికి పోయాక గుర్తుకొస్తాయి. అప్పుడు ఇక్కడ కావలసింది ఏంది? ఆ రోజు షిఫ్టులో ఉన్న ఒక సాక్షి. హెచ్‌ఆర్ ఆఫీసుకు పోయి ఒక కాగితం అడిగే ఒక దోస్తు. నాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఇట్లనే జరిగింది. ఆయన పేరూ, కంపెనీ పేరూ ఇక్కడ అవసరం లేదు. సెటిల్‌మెంటులో మూడేండ్ల సర్వీసు తక్కువ రాశారు. ఆయనకు ఇంటికి పోయాకనే తెలిసింది. పాత రూమ్‌మేట్ ఒకతను ఆయనతో ప్రతి శుక్రవారం మాట్లాడేటోడు. ఆ మాటల్లో ఇది బయటపడింది. రూమ్‌మేట్ పాత జీతం స్లిప్పులు వెతికించి, ఏడాది గడవక ముందే అడిగించాడు. పైసలు వచ్చాయి. ఆ శుక్రవారం ఫోను లేకపోతే ఆ మూడేండ్లు గాలిలో కలిసిపోయేవి.

మూడవది వాళ్ల దగ్గరున్న తెలివి. పుస్తకంలో రాసింది మనకు ట్రైనింగులో చెప్తారు. అనుభవం చెప్పేది వేరే. మా దగ్గర పని చేసి ఇంటికి పోయిన ఒక ఫైర్ కాకా ఉన్నాడు. షట్‌డౌన్ మొదలైందంటే మా ఫైర్‌వాచ్ తమ్ముళ్లు రాత్రి క్యాంపులో ఆయనకు ఫోన్ చేస్తారు. ఆయన అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "తమ్మీ, పైన చూస్తున్నవ్ సరే, కింద డ్రెయిన్ మూత చూసినవా?" నిప్పురవ్వ పైనుంచి కింద పడుతుంది. ఆయిల్ నీళ్లు పోయే డ్రెయిన్‌లో గ్యాస్ ఉంటుంది. దాన్ని మూసి, తడి ఫైర్ బ్లాంకెట్ కప్పకుండా పని మొదలుపెట్టొద్దని ఆయన పదిసార్లు చెప్తాడు. ఇప్పుడు మా పిల్లలు పర్మిట్ మీద సంతకం కంటే ముందు డ్రెయిన్ దగ్గరికే పోతున్నారు.

ఈ జాగ్రత్తలు ఉత్తగ రాలేదు. ప్రతిదాని వెనక ఎవరో పోయారు. 1997 ఏప్రిల్ 15న మినాలో గుడారాలు అంటుకొని మూడు వందలకు పైగా హాజీలు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ మంట అంటుకోని గుడారాలు వచ్చాయి, వంట గ్యాస్ ఆగింది. అదే ఏడు సెప్టెంబర్ 14న మన విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై, అంటుకొని అరవై మంది దాకా పోయారు. సరిగ్గా అదే తేదీన, 2019లో, ఇక్కడ అబ్‌ఖైక్ ప్లాంటు మీద దాడి జరిగి మంటలు లేచాయి. అట్లాంటి రాత్రులు చూసినోళ్లు మన మధ్య ఉన్నారు, మన ఊర్లలో ఉన్నారు. వాళ్లు అడక్కుండా చెప్పరు. మనం అడగాలి.

నాలుగవది మనసు. కాలిన మనిషిని మోసినోడు ఆ సంగతి భార్యకు చెప్పడు, పిల్లలకు చెప్పడు. ఊర్లో చెప్తే "సౌదీల మస్తు సంపాదించినవ్ కదా" అని మాట మారుస్తారు. సైరన్ మోగితే రాత్రిపూట ఉలిక్కిపడి లేచే సంగతి పక్క మంచంలో పడుకున్న పాత తోటివాడికే తెలుసు. అందుకే వాడి ఫోన్ వస్తే అంత సంతోషం. ఇంగ్లండ్‌లో రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో, ఫైర్ సిబ్బంది కోసం ఒక సహాయ నిధి పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. రిటైరైనోళ్లకు, వాళ్ల కుటుంబాలకు కూడా ఒంటికీ మనసుకూ సాయం చేస్తోంది. మనకు అంత పెద్ద నిధి లేదు. అయినా మొదలు పెట్టడానికి ఒక నోటుబుక్కు చాలు.

అందుకే ఈ సభ ముందు ఐదు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి క్యాంపులో ఒక పేర్ల పుస్తకం. ఫైర్, సేఫ్టీ, ఫైర్‌వాచ్ పని చేసే ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇండియా నంబరు, ఇంటి దగ్గర ఇంకొకరి నంబరు అందులో రాయాలి. ఎగ్జిట్ పడ్డాక రాద్దామంటే కుదరదు. చేరిన నెలలోనే రాయాలి.

రెండు, ఇంటికి పోయే ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. ఇక్కడ ఉన్న ఒక మనిషి ఆయన బాధ్యత తీసుకోవాలి. మొదటి పన్నెండు నెలలు నెలకు ఒక్కసారైనా ఫోన్ చేయాలి. ఎందుకు పన్నెండు నెలలో ఇందాకే చెప్పాను.

మూడు, పోయే ముందు కాగితాల సంచి. సర్వీస్ సర్టిఫికేట్, సెటిల్‌మెంటు లెక్క, మెడికల్ రిపోర్టులు, గోసీ వివరాలు, ట్రైనింగ్ కార్డులు. అందులోనే ఒక తెల్ల కాగితం మీద "ఇన్నేండ్లు పొగలో, కెమికల్స్ దగ్గర పని చేశాను" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి పెట్టాలి. ఊరి డాక్టరుకు అదే చూపాలి.

నాలుగు, సెలవు మీద పోయినప్పుడు ఒక్క ఇల్లు. మనం పెండ్లిళ్లకు పోతాం, బోనాలకు పోతాం, సంక్రాంతికి పోతాం. నలభై రోజుల సెలవులో ఒక్క పూట ఒక్క పాత ఫైర్‌మన్ ఇంటికి పోయి రండి. ఖర్జూరం డబ్బా ఒకటి చాలు. ఆయనకేదైనా ఇబ్బంది ఉంటే తెలంగాణ వాళ్లను హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణికి, ఆంధ్ర వాళ్లను ఏపీఎన్‌ఆర్‌టీ ఆఫీసుకు దారి చూపండి.

ఐదు, ఏప్రిల్ 14 సాయంత్రం ఒక పిలుపు. ఆ రోజు ప్రతి క్యాంపు నుంచి పుస్తకంలో ఉన్న ప్రతి నంబరుకు ఫోన్ పోవాలి. ఎత్తకపోతే ఇంటి రెండో నంబరుకు చేయాలి. ఎవరైనా కాలం చేశారని తెలిస్తే, మరుసటి శుక్రవారం మన మీటింగులో ఆయన పేరు చదివి రెండు నిమిషాలు నిలబడాలి.

వీటిలో వేదిక పైసలు అడిగేది ఒక్కటీ లేదు. అడిగేది మన టైము. పన్నెండు గంటల డ్యూటీ తర్వాత టైము ఎంత విలువైందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ డ్యూటీ షీటు రాసేది నేనే. అయినా అడుగుతున్నాను. మనం పైన వెల్డింగ్ చేస్తుంటే, కాంక్రీటు పోస్తుంటే, మన వెనక సిలిండర్ పట్టుకొని నిలబడి, అందరికంటే చివర బస్సెక్కినోళ్లు వాళ్లు.

పుస్తకం జుబైల్ క్యాంపుల కోసం నేను తెచ్చాను. తలుపు దగ్గర టేబుల్ మీద ఉంది, పెన్ను కూడా ఉంది. బిర్యానీకి పోయే ముందు మీకు తెలిసిన ఒక్క పేరైనా రాసిపోండి. నంబరు తెలియకపోతే ఊరి పేరు రాయండి, వెతికి పట్టుకుందాం.