వంపు కోయు కాలమూ పనికాలమే
(టర్నర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సాధారణ లేతు ఎరిగినవి తిన్నని గీతలే. క్యారేజి పొడవునా, క్రాస్ స్లైడ్ అడ్డముగా నడచును. వంపున నడిపించు చక్రమేదియు దానిపై లేదు. అయినను గుండు పిడులు, గుండ్రని మొనలు దానిపైననే తయారగుచున్నవి. ఆ వంపు టర్నర్ లెక్కలో నుండియు, అతని రెండు చేతులలో నుండియు వచ్చుచున్నది.

ఒక ఉదాహరణ తీసుకొందము. 40 మి.మీ. వ్యాసము గల గుండు కావలెను. వ్యాసార్ధము 20. మొన నుండి 4 మి.మీ. లోపలికి పోయినచో కేంద్రమునకు ఇంకను 16 ఉన్నది. 20 వర్గము 400 నుండి 16 వర్గము 256 తీసివేయగా 144. దాని వర్గమూలము 12. అనగా అచ్చట వ్యాసము 24 మి.మీ. ఇదే లెక్కన 8 మి.మీ. వద్ద వ్యాసము 32. ఈ కొలతలకు మెట్లు మెట్లుగా కోసి, లోపలి మూలలకు నీలిరంగు పూయుదుము. గోళమును తాకునవి ఆ లోపలి మూలలే. వెలుపలి మూలలు తీసివేయవలసిన లోహము. నీలిరంగు చెరుగనారంభించినదనగా హద్దు వచ్చినదన్నమాట.

తరువాత గుండ్రని మొన గల టూలుతో, ఒక చేయి క్యారేజి చక్రముపై, మరొక చేయి క్రాస్ స్లైడ్ పిడిపై ఉంచి మెట్లను కలుపుదుము. గుండు మొన దగ్గర క్రాస్ స్లైడ్ ఎక్కువగా, నడుము దగ్గర క్యారేజి ఎక్కువగా కదలవలెను. లేతు ఆపి, రేడియస్ గేజి ఆనించి, సందులో వెలుతురు కనిపించుచున్నదేమో చూడవలెను. ఇది ఒక్కసారితో తీరునది కాదు. చిన్న వంపులకు ఆ ఆకారమునకే సానపట్టిన టూలు వాడవచ్చును. కాని కోత వెడల్పైనందున వేగము తగ్గించనిచో పని అదిరి, ఉపరితలము గరుకగును.

ఇక మన సమస్య. చిప్పులు రాలుచున్నంతసేపే పనికాలమని లెక్కించు చోట్లు ఉన్నవి. లెక్క వేయుట, టూలు సానపట్టుట, ఆపి కొలుచుట ఆ లెక్కలోనికి రావు. అప్పుడు ఏమగును? కార్మికుడు తిరుగుచున్న పనికే గేజి ఆనించును. ఎమరీ గుడ్డను వ్రేలికి చుట్టుకొనును. కుడిచేతితో ఆకురాయి పిడి పట్టి, ఎడమచేయిని చక్ మీదుగా చాచును. మిగిలిన నిమిషములకు వ్రేళ్లు మూల్యమగును. ఆకురాయి పిడి ఎడమచేత పట్టవలెను. పిడి లేని ఆకురాయి ముట్టరాదు. చేతితొడుగులతో తిరుగుచున్న పని దగ్గరకు పోరాదు.

కంప్యూటర్ లేతులు ఈ వంపును ఒక్క ఆదేశముతో కోయుచున్నవి, నిజమే. కాని మరమ్మతుకు వచ్చిన ఒక్క పిడికి నేటికిని పాత లేతే దిక్కు. రెండేండ్ల ఐ.టి.ఐ. శిక్షణ పొంది వచ్చు యువకునకు ఈ చేతివాటమును అందించవలసినవారము మనమే.

కావున రెండు పనులు చేయుదము. మెట్ల పట్టికలను వ్రాసి ప్రతి లేతు వద్ద అతికింతము. లెక్కకు, కొలతకు పట్టు కాలమును పనికాలముగా గుర్తించవలెనని సంప్రదింపులలో ఐక్యముగా కోరుదము. నైపుణ్యమునకు వేతనము ఎంత అవసరమో, తగిన కాలమును అంతే అవసరము.