సైకిలుకు దారేది?



బాలాపూర్ అనగానే గణేశుని లడ్డూ గుర్తుకొస్తుంది. ఆ లడ్డూ వేలం 1994లో మొదలైంది. మొదటి ఏడు పాట 450 రూపాయలు. నిమజ్జనం నాడు బాలాపూర్ గణేశుడు హుస్సేన్ సాగర్ దాకా ఊరేగుతాడు. ఆ రోజు పోలీసులు బండ్లను వేరే దారులకు మళ్లిస్తారు. విగ్రహాల లారీలు మనిషి నడకతో సమానంగా కదులుతాయి. ఆడవాళ్లు, పిల్లలు నడిరోడ్డు మీద నడుస్తారు.

మరి తెల్లారి? బిడ్డ సైకిలు తీస్తే తల్లికి గుండె దడ. "లారీలొస్తయి, పైలం బిడ్డా!" అంటుంది. రోడ్డు అదే. మనుషులూ వాళ్లే. మారింది బండ్ల వేగం.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 1 లక్షా 68 వేల మంది చనిపోయారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు నడిచిపోయేవాళ్లు, సైకిలు మీద పోయేవాళ్లు, మోటారు సైకిలు మీద పోయేవాళ్లే.

"సైకిలు తొక్కేవాళ్లు జాగ్రత్తగా పోవాలె" అంటారు. నిజమే. కానీ దారి కూడా బాగుండాలి కదా!

కొన్ని ఊళ్లను పోల్చి చూద్దాం. చండీగఢ్‌లో పెద్ద రోడ్ల పక్కన సైకిళ్లకు వేరే బాట వేశారు. హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు ఉంది. ఎండ తగలదు. లారీ రాదు. మంచి బాటే. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. బాలాపూర్‌లో బడికి పోయే పిల్లకు దానితో ఏం లాభం? బాట ఇంటి నుంచి బడి దాకా ఉండాలి. బజారు దాకా ఉండాలి.

నెదర్లాండ్స్ అనే దేశం ఉంది. అక్కడ 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లులు ఊరుకోలేదు. "పిల్లల హత్యలు ఆపండి" అని వీధుల్లోకి వచ్చారు. ఏళ్ల తరబడి అడిగారు. మెల్లమెల్లగా సైకిలు బాటలు వచ్చాయి. ఆ దేశంలోని పెద్ద నగరం ఆమ్‌స్టర్‌డామ్. అక్కడ 2023 డిసెంబరు నుంచి చాలా వీధుల్లో గంటకు 30 కిలోమీటర్లు దాటి బండి నడపరాదు. వేగం తగ్గితే బండి తొందరగా ఆగుతుంది. తగిలినా ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ.

ఊళ్లను పోల్చేటప్పుడు ఒక సంగతి మరువవద్దు. "మా ఊళ్లో సైకిలు ప్రమాదాలు తక్కువ" అని ఎవరైనా అంటే, "సైకిలు తొక్కేవాళ్లు ఎంతమంది?" అని అడగండి. ఎవరూ దిగని బావిలో ఎవరూ మునగరు. అందుకని అది మంచి బావి అనగలమా? భయపడి ఆడపిల్లలు సైకిలే ఎక్కకపోతే, ఆ ఊరు బాగున్నట్టు కాదు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం సాగింది. అందులో చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు కూడా నేర్పారు. వేలవేల మంది నేర్చుకున్నారు. మొదట నవ్వినవాళ్లు ఉన్నారు. తర్వాత నీళ్ల బిందె, పిల్లలు, అమ్మే సరుకు అన్నీ సైకిలు మీదే వెళ్లాయి. ఆడవాళ్లు ఎవరి కోసమూ ఎదురు చూడలేదు.

సైకిలు ఎక్కినప్పుడు రోడ్డుకు ఎడమ పక్కన పోవాలి. మలుపు తిరిగే లారీకి ఎడమ పక్కన చొరబడవద్దు. డ్రైవరుకు కనబడరు. చీకటి పడితే ముందు దీపం, వెనుక మెరిసే ఎర్ర బిళ్ల ఉండాలి.

ఇక మిగిలింది ఊరు చేయాల్సిన పని. ఒకరోజు మీ ఇంటి నుంచి బడి దాకా నడవండి. ఎక్కడ భయం వేసిందో కాగితం మీద రాయండి. నలుగురు కలిసి అర్జీ రాయండి. బడి ముందు బండ్ల వేగం తగ్గించమని అడగండి. చౌరస్తాలో దాటడానికి చారలు, దీపాలు అడగండి. రోడ్డు అంచున సైకిలుకు దారి అడగండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. నకలు దాచుకోండి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. మీ బిడ్డ దారి కోసం మీరే రాయండి.