ఇంటనుండు పనివారికి సెలవుదినము
(సికింద్రాబాదునందలి యొక పఠనమందిరమున నొసగిన యుపన్యాసము)



మనలో ననేకుల గృహములందు సాయంకాలమునకు తన యింటికి మరలిపోని పనిమనిషి యొకతె యున్నది. ఆమె మన యింటనే తినును, మన యింటనే పండుకొనును, మనకంటె ముందుగా మన యింటనే లేచును. ముసలివారికి మందులందించునది ఆమెయే, పసివారికి అన్నము కలిపి పెట్టునది ఆమెయే. ఇట్లు ఇంటనే యుండి పనిచేయువారికి మన మీయవలసిన సెలవును గూర్చియు, వారిపట్ల మనము చూపవలసిన మెప్పును గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. సభలలో ప్రసంగింపదగినంత పెద్దవిషయమా యిది యని కొందరికి తోచవచ్చును. ఒక మనిషి జీవితములో తనదని చెప్పుకొనుటకు ఒక్క దినమైన నుండుట చిన్నవిషయము కాదని నా తలంపు.

ఈ పట్టణమునకును గృహసేవకును గల సంబంధము పట్టణము పుట్టినప్పటిదే. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో ఈ దండుప్రదేశము వెలసినది. దొరల బంగళాలు లేచినచోట నెల్ల వాని వెనుక నౌకరుల గదుల వరుస లేచినది. బట్లరు, ఆయా, మాలీ, ధోబీ యను మాటలు లష్కరు వీధులలో నాటుకొనినవి. నేడు మారేడుపల్లి, తిరుమలగిరి ప్రాంతములలో నాటి బంగళాలు పెక్కు పోయి అంతస్తుల మేడలు వచ్చినవి. నౌకరు గది కొన్నిచోట్ల వంటింటి ప్రక్క ఇరుకు గదిగా మిగిలినది. మరికొన్నిచోట్ల రోగి మంచము క్రింద పరచిన చాపయే ఆ గది యైనది.

మన లష్కరు బోనాల కథ మీరందరు ఎరిగినదే. సైన్యములో డోలీ మోయు సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి పోయినప్పుడు, మన జంటనగరములలో కలరా ప్రబలినదని విని మహంకాళికి మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి ఇచ్చట అమ్మవారిని నిలిపెననియు స్థలచరిత్ర చెప్పుచున్నది. డోలీ మోసిన సేవకుని మ్రొక్కు ఈ ఊరికి పెద్దపండుగ యైనది. కాని ఆషాఢమాసమున ఆ ఆదివారమునాడు మన యింటి పనిమనిషి యేమి చేయుచున్నది? వచ్చిన చుట్టములకు నీళ్లు తోడి, ఎంగిలి ఆకులెత్తి, ఇంటి యిల్లాలి బోనపుకుండకు సున్నము పూసి పసుపుకుంకుమలు పెట్టి ఇచ్చుచున్నది. తన బోనము తా నెత్తుకొనుటకు ఆమెకు తీరిక యున్నదా యని మనలో ఎందరు అడిగితిమి?

ఆమె పనివేళలను ఒకపరి లెక్కింతము. ఉదయము 5 గంటలకు లేచి రాత్రి 10 గంటలకు పండుకొను మనిషికి దినమునకు 17 గంటలు మెలకువ. అందు తిండికిని, స్నానమునకును, మధ్యాహ్నము నడుము వాల్చుటకును మూడు గంటలు తీసివేసినను 14 గంటలు మిగులును. వారమునకు ఏడు దినములును పనియే కావున మొత్తము 98 గంటలు. కర్మాగారములందు వారమునకు 48 గంటలకు మించి సాధారణపుపని చేయింపరాదని 1948 నాటి కర్మాగారముల చట్టము నిర్ణయించినది. యంత్రశాలలో ఇద్దరు చేయవలసిన గంటలు మన వంటింటిలో ఒక్కతె చేయుచున్నది. రాత్రి పసిబిడ్డ యేడ్చినను, రోగి దగ్గినను ఆమెయే లేవవలయును; ఆ గంటలు ఈ లెక్కలో చేరలేదు.

"ఆమెకు పని యెక్కడిది? మధ్యాహ్నమంతయు టెలివిజను చూచుచు కూర్చుండును గదా!" యని యొక మాట మన యిండ్లలో తరచుగా వినబడును. ఇంటనే యుండు మనిషికిని, వచ్చిపోవు మనిషికిని గల భేదము ఇచ్చటనే యున్నది. వచ్చిపోవునది గడప దాటినంతనే ఆమె పని తీరును. ఇంటనుండు మనిషికి దాటుటకు గడపయే లేదు. ఆమె కూర్చుండినను ఒక చెవి మన పిలుపుకొరకు తెరచియే యుండును. తలుపు తట్టు చప్పుడైనచో లేచునది ఎవరు? కాఫీ యనినచో లేచునది ఎవరు? పిలిచిన పలుకవలసినంతసేపును ఆమె పనిలో నున్నట్లే యెంచవలయును. కావుననే ఆదివారము మధ్యాహ్నము కొంతసేపు పని తగ్గించి, దానిని సెలవనుట న్యాయము గాదు.

తెలంగాణములో ఈ విషయమునకు ఒక చేదు చరిత్ర కలదు. దేశముఖుల గడీలలో "ఆడబాప"లను స్త్రీలుండిరి. దొర కూతురు అత్తవారింటికి పోవునప్పుడు అరణముతోపాటు ఒక ఆడబాపను గూడ పంపుచుండిరి. ఆమెకు జీతము లేదు, తన సంసారము లేదు, పిలుపునకు వేళ లేదు. ఆ బ్రదుకును శ్రీ బి. నరసింగరావు 1988లో "దాసి" యను చలనచిత్రముగా తీసిరి. అందలి నటనకు అర్చనగారికి జాతీయ పురస్కారము లభించెను. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్ర జనసంఘమును, తరువాత 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకొన్న ఆంధ్ర మహాసభయు వెట్టిచాకిరికి ఎదురుగా ప్రజలను మేల్కొలిపినవి. 1976 నాటి శాసనము దేశమంతట వెట్టిని నిషేధించినది. నేటి పనిమనిషి ఆడబాప కాదు. జీతము మాటలాడుకొని వచ్చినది. అయినను ఏ ఘడియ నైనను పిలువవచ్చునను గడీనాటి అలవాటు మన మేడలలో ఇంకను చావలేదు. జీతమిచ్చి ఆ అలవాటును నిలుపుకొనుట మనకు తగునా?

కూలివానికి వారపుసెలవు ఎవరును ఊరక యీయలేదు. బొంబాయి మిల్లుకూలీలకు ఆదివారము సెలవు కావలయునని నారాయణ మేఘాజీ లోఖండే యేండ్లతరబడి పోరాడగా, 1890 జూను 10న మిల్లుయజమానులు ఒప్పుకొనిరి. ఆ ఆదివారమును నేడు మనమందరమును అనుభవించుచున్నాము. ఈ సభ యందున్న గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు వారమున కొకదినమైన ఇంటిపట్టున నుండుచున్నారు. మన ఆదివారము సుఖముగా గడచుటకై ఆ దినమున మన యింటి పనిమనిషికి రెండింతలు పని పడుచున్నది.

ఇతరదేశముల సంగతియు కొంత చూతము. 2011 జూను 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 189వ ఒడంబడికను ఆమోదించినది. ఇంటిపనివారికి వారమున కొకపరి ఎడతెగక 24 గంటల విశ్రాంతి యుండవలయుననియు, ఆ విశ్రాంతికాలమున వారు యజమాని యింటనే యుండవలెనను నిర్బంధము కూడదనియు అందు కలదు. భారతదేశము దానికి అనుకూలముగా వోటు వేసినది గాని ధ్రువీకరింపలేదు. ఫిలిప్పీనులలో 2013లో ఇంటిపనివారికని ప్రత్యేకశాసనము వచ్చినది. సింగపూరులో 2023 జనవరి 1 నుండి, ఇంటిపనివారి సెలవులలో నెలకు ఒక్కటియైనను డబ్బిచ్చి కొనుటకు వీలులేదు. ఆ దినము విడిచిపెట్టియే తీరవలయును.

మనకు మరింత దగ్గరిది కువైటు మాట. కడప జిల్లానుండియు, గోదావరి జిల్లాలనుండియు మన ఆడపడుచులు వేలకొలదిగా ఖద్దామాలుగా పోయినది అచ్చటికే. వారి కష్టములను పత్రికలలో చదివి మనము కన్నీరు పెట్టుచున్నాము. అరబ్బు యజమానులను నిందించుచున్నాము. ఆ కువైటు 2015లో 68వ నంబరు శాసనమున ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించి పని కూడదనియు, వారమున కొక సెలవుదినము, ఏడాదికి 30 దినముల జీతముతోడి సెలవు ఉండవలయుననియు వ్రాసికొన్నది. శాసనములో నున్నదంతయు ప్రతి యింటను జరుగుచున్నదని నే ననను. కాని అన్యాయము జరిగినప్పుడు చేత పట్టుకొని చూపుటకు అచ్చట నొక కాగితము కలదు. కువైటులోని తెలుగు సోదరికి కోరుచున్న న్యాయమును సికింద్రాబాదులోని మన యింటి సోదరికి మనమే యీయకున్నచో, మన కన్నీటికి విలువ యేమి?

మన శాసనములు కొంతదూరము నడచినవి. 14 ఏండ్ల లోపు బిడ్డలను ఇంటిపనికి పెట్టుట 2006 అక్టోబరు 10 నుండి నేరము; అట్టి బిడ్డకు కావలసినది సెలవు కాదు, బడి. లైంగికవేధింపుల నివారణకై 2013లో వచ్చిన చట్టము ఇంటిని గూడ పనిస్థలముగా గుర్తించినది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇంటిపనివారి రక్షణకు తగిన శాసనమును గూర్చి పరిశీలించుటకు సంఘమును నియమింపుడని కేంద్రప్రభుత్వమును ఆదేశించెను. ఇన్ని జరిగినను వారపుసెలవు మాట ఇంకను ఇంటి యజమాని దయమీదనే నిలిచియున్నది. శాసనము వచ్చువరకు ఆగవలసిన పని మనకు లేదు. మన యింటి కాలమానపట్టికపై గీత గీయుటకు ఏ శాసనసభ యనుమతియు అక్కరలేదు గదా!

ఇక ఆక్షేపణలు. "ఆమె మా యింటి మనిషివంటిది, ఆమెకు సెలవెందు?" కని కొందరందురు. ఇంటి మనిషియే యైనచో ఇంటి బిడ్డవలె తల్లిని చూచివచ్చుటకు ఆమె యెవరి అనుమతి నడుగవలయును? పండుగకు పుట్టింటికి పోవుటకు జీతము కోతపడునా? "తిండి, బట్ట, వసతి ఇచ్చుచున్నాము గదా" యని మరికొందరందురు. ఆ వసతి ఆమె సుఖముకొరకు మాత్రమే ఇచ్చినది కాదు; ఏ రాత్రియైనను పిలిచినంతనే పలుకుటకు ఇచ్చినది. "బయటికి పంపినచో ఆమెకు ఏమైన నైనచో మాది గదా బాధ్యత" యని యింకొకమాట. ఇరువదియైదేండ్ల స్త్రీ రైలెక్కి ఒంటరిగా సికింద్రాబాదు స్టేషనులో దిగినది. స్టేషనునుండి మన వీధివరకు వచ్చినది. ఆమెకు దారి తెలియును.

వీనిలో బరువైన ఆక్షేపణ యొక్కటే. "ఇంట మంచము పట్టిన తల్లి యున్నది, ఒక్క దినమైనను మనిషి లేక సాగదు" అని. ఇది నిజమైన కష్టము. దీనికి ఉపాయ ముండకపోదు. ఆ దినమునకు వేరొక మనిషికి కూలియిచ్చి పిలువవచ్చును. ఒకే మేడలోని రెండు కుటుంబములు సెలవుదినములు మార్చుకొని ఒకరికొకరు సాయపడవచ్చును. ఆదివారము కుదరనిచో మంగళవారము ఈయవచ్చును. అన్నింటికంటె ముందు, ఆ తల్లికి కొడుకులున్నారు. వారమున కొకదినము వారు ఆమె ప్రక్కన కూర్చుండవచ్చును.

ఇచ్చట పురుషులకు ప్రత్యేకముగా ఒక మనవి. పనిమనిషికి సెలవిత్తుమని ఉదారముగా పలికి, ఆ దినమున ఆమె పనినంతయు ఇల్లాలి తలపై పెట్టినచో ఒక స్త్రీ విశ్రాంతిని ఇంకొక స్త్రీ విశ్రాంతితో కొన్నట్లగును. ఆ దినమున గిన్నెలు తోమువారు, చీపురు పట్టువారు మనమే కావలయును. అట్లు చేసినవారికి ఆమె పని యెంతటిదో ఏ యుపన్యాసమును చెప్పనక్కరలేకయే తెలియును.

మెప్పు మాట యొక్కటి చెప్పవలసియున్నది. విడిచిన చీర యిచ్చుట మెప్పు గాదు. మిగిలిన మిఠాయి పెట్టుట మెప్పు గాదు. ఆమెను పేరుపెట్టి పిలుచుట, పెద్దదియైనచో పిల్లలచేత "అక్కా" యనియో "అమ్మా" యనియో పిలిపించుట, చుట్టములు కూర మెచ్చుకొన్నప్పుడు వండినది ఎవరో వారియెదుట చెప్పుట, నెలజీతమును తేదీ తప్పక ఆమె చేతికో ఆమె బ్యాంకు ఖాతాకో చేర్చుట, ఆమె ఆధారుకార్డును మన బీరువాలో దాచకుండుట, ఇవి మెప్పు. ఏండ్లు పనిచేసి మానుకొనిపోవునప్పుడు ఆమె నమ్మకమును, నేర్పును తెలుపు ఉత్తరమొకటి వ్రాసి యిచ్చి, ఏడాదికింతయని కొంత సొమ్ము చేతపెట్టుట నిండుమెప్పు.

సెలవును గూర్చి నే కోరునవి నాలుగు. వారమున కొకదినము, ముందటి రాత్రి మొదలు 24 గంటలు, ఆమె యిష్టమైనచోట గడుపుకొనునట్లు సెలవీయుడు. ఆ దినపు జీతము కోయకుడు. ఏ దినమో ముందే నిశ్చయించి వంటింటి గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. చుట్టములు వచ్చిరని చెరిపివేయకుడు, తప్పనిసరియైనచో అదే వారమున మరియొక దినము తిరిగి యిండు. ఏడాదికి పదునైదు దినములకు తక్కువగాకుండ జీతముతోడి సెలవును, ఊరికి పోయివచ్చు ఖర్చును ఇండు. పండుగలలో ఏది ఆమెకు ముఖ్యమో ఆమెనే అడుగుడు. సద్దుల బతుకమ్మయో, సంక్రాంతియో, క్రిస్మసో, రంజానో, ఆ పండుగ ఆమెది.

వీనికై మనము గొప్పత్యాగములు చేయనక్కరలేదు. వారమున కొకదినము మన పని మనము చేసికొందుము, అంతియే. వచ్చు ఆషాఢమున లష్కరు బోనాలనాడు మన యింటి పనిమనిషి తన కుండ తా నలంకరించుకొని, తన వారితో కూడి, తన మ్రొక్కు తీర్చుకొనుటకు మహంకాళి గుడివైపు నడచుటను మన వీధులలో చూడగలిగినచో ఈ పఠనమందిరమున మనము చదివినదానికి ఫలము దక్కినట్లే. అందుకు తగిన ఏర్పాటు ఈ వారమే ప్రారంభింపుడని మిమ్ములనందరిని ప్రార్థించుచు విరమించుచున్నాను.