మత్స్యవినోదము – మన గాలపువిద్య
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)

  

ఈ మహాసభయందు విద్యనుగూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. బడిపంతులు విద్యనుగూర్చి గాక మఱి దేనినిగూర్చి మాటలాడునని వారి యభిప్రాయము కాబోలు. మేమును విద్యనుగూర్చియే మాటలాడెదము. కాని అది మేము బడిలో నేర్పిన విద్య కాదు; బడిలో మేము శిక్షించిన విద్య. అది గాలపువిద్య.

గత సంవత్సరము మస్కట్టునుండి సెలవుమీద వచ్చిన మా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చి, నమస్కరించి, మా చేతిలో నొక కొయ్యచేపను ఉంచెను. జానెడు పొడవు, నీలపు వెన్ను, వెండిపొట్ట, గాజుకన్నులు. మూతి గిన్నెవలె లోనికి తొలువబడియున్నది. పొట్టక్రిందను తోకకొనను ఉక్కుగాలములు వ్రేలాడుచున్నవి. మనుమనికి బొమ్మ తెచ్చినాడని మేము తలచితిమి. “బొమ్మ గాదు సారూ, ఎఱ” అని ఆతడు నవ్వెను.

కరీంనగరు, ఆదిలాబాదు సీమలనుండి కొన్ని దశాబ్దములుగా మన బిడ్డలు గల్ఫుదేశములకు పోవుచున్న సంగతి మీరెఱుగనిది కాదు. ఈతడును మొదట కట్టడపు పనికి పోయి, పిమ్మట నొక వేటపడవలో పనివాడుగా కుదిరెను. ఒమాను దక్షిణతీరమున, దోఫారు ప్రాంతమునకు చేరిన హల్లానియ్యాతు దీవుల చుట్టును, దేశదేశముల ధనికులు ఇట్టి కొయ్యచేపలతో పెద్దచేపలను పట్టు వినోదమునకై వత్తురట. వారు కోరివచ్చునది మన కోస్తావారు పార యని పిలుచు జాతిలో మిక్కిలి పెద్దది. 2006లో జపానుదేశపు తొకారా దీవులయొద్ద గాలమునకు దొరకిన యట్టి పార యొకటి 72 కిలోలకు పైగా తూగినది.

ఆ వేట తీరు ఇట్లుండును. సముద్రమున రాతిగుట్టలమీద అలలు విఱుగుచోటికి, బలమైన కఱ్ఱతో నీ ఎఱను దూరముగా విసరి, కుదుపులతో వెనుకకు లాగుదురు. కుదుపు కుదుపునకు తొలిచిన మూతి నీటిని చిమ్మి ‘గుబుక్కు’మని చప్పుడు చేయును. గాయపడి పాఱిపోవు చిన్నచేప యని భ్రమించి పార దానిపై దుముకును. అది రాళ్లలోనికి దూరి త్రాటిని కోసికొనకుండ నిలువరించుటయే అచ్చటి పోరు. వంజరమునకు, కొమ్ముకోణమునకు పడవ నడచుచుండగా ఎఱను వెనుక నీడ్చుట మఱియొక పద్ధతి. సీసపు ఎఱను లోతునకు దింపి పైకి కుదుపుచు లాగుట వేఱొక పద్ధతి.

ఈ క్రీడకు పాశ్చాత్యులు చెప్పుకొను చరిత్ర పెద్దదేమియు కాదు. 1898లో కాలిఫోర్నియా తీరమందలి శాంతా కాటలీనా ద్వీపమువద్ద చార్లెసు ఫ్రెడరికు హోల్డరు అను నాతడు 183 పౌనుల ట్యూనాచేపను కఱ్ఱతోను రాట్నముతోను పట్టెను. ఆ యేడే అచ్చట ట్యూనాసంఘమును స్థాపించెను. మోటుత్రాళ్లతో ఈడ్చి కుప్పలు పోయుట తగదనియు, చేపకును తప్పించుకొను అవకాశ ముండవలెననియు వారి నియమము. 1939లో న్యూయార్కునగరమున అంతర్జాతీయ సంఘ మేర్పడి అన్నిదేశములకును నియమములను కూర్చెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగియున్నది. నేడు ప్రపంచమంతట అమ్ముడుపోవు కొయ్యచేపలలో పేరుగన్నదానిని చేసినవాడు ధనికుడు కాడు. ఆతడు ఫిన్లాండుదేశపు బీదజాలరి. పేరు లౌరి రపాలా. పెద్దచేప గుంపునంతటిని విడిచి, తడబడుచు నీదు బలహీనపు చేపనే పట్టుచున్నదని ఆతడు తన పడవలో కూర్చుండి కనిపెట్టెను. 1936లో బెండును చెక్కి, చాక్లెట్టు చుట్టెడి తళుకుకాగితమును దానికి చుట్టి, ఆ తడబాటును కొయ్యలోనికి తెచ్చెను. శాస్త్రజ్ఞు లిప్పుడు దీనికి కారణము చెప్పుచున్నారు: చేప ప్రక్కలయందు పార్శ్వరేఖ యనునది కలదు, నీటి కదలికలను అది దానిచేత గుర్తించును, కాబట్టి మోసపోవునది కన్నొక్కటియే కాదు. ఆ కారణము తెలియకయే మన తాతలు కప్పను గాలమునకు గుచ్చి, నీటిమీద తట్టి తట్టి ఆడించి కొర్రమట్టను పట్టలేదా? బ్రదికిన కప్పకు మాఱుగా రబ్బరుకప్పను పెట్టినచో అదియే నేటి నాగరిక క్రీడ!

ఇంతకును మన దేశమున ఈ వినోదము క్రొత్తది కాదు. కల్యాణకటకము నేలిన పశ్చిమచాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున సంస్కృతభాషలో మానసోల్లాసమను గ్రంథమును రచించెను. నాడు మన సీమయు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. అందు రాజులకు తగిన వినోదములను చెప్పుచు మత్స్యవినోదమున కొక ప్రకరణమును కేటాయించెను. సముద్రపుచేపలు, నదీమత్స్యములు, పొలుసుగలవి, పొలుసులేనివి యని విభజించి, వాని పేర్లును, గాలమును, కఱ్ఱను, త్రాటిని, ఏ చేపకు ఏ ఎఱ తగునో దానిని వర్ణించెను. రాజు గ్రంథమున కెక్కించిన యీ యెఱుక రాజాంతఃపురమున పుట్టినది కాదు. ఏ జాలరి ముంగిటనో కూర్చుండి ఎవరో అడిగి తెలిసికొనియుండవలెను. జాలరి పేరు మాత్రము గ్రంథమున కెక్కలేదు.

కాళిదాసు శాకుంతలమున ఆఱవ యంకారంభమున జాలరి యొకడు వచ్చును. వలలతోను గాలములతోను కుటుంబమును పోషించుకొనువాడు. రవ్వచేప కడుపున రాజముద్రిక దొరకగా, దొంగ యని భటులు వానిని కట్టి తెత్తురు. “ఎంత పవిత్రమైన జీవనము!” అన్న ధోరణిలో వెక్కిరింతురు. పుట్టువుతో వచ్చిన వృత్తిని నిందకు వెఱచి విడువరాదని జాలరి నిబ్బరముగా బదులు చెప్పును. ఆ జాలరి లేకున్న రాజునకు శకుంతల గుఱుతునకు రాదు, కథయే నడువదు. ఈ ఘట్టమును మేము ఎన్నియో యేండ్లు పిల్లలకు రసవంతముగా చెప్పితిమి.

చెప్పితిమి గాని, సోదరులారా, ఆ భటులలో మేమును ఒకరమైతిమి. ఈ శిష్యుడు పండ్రెండేండ్ల వయసున బడి యెగగొట్టి మానేటి మడుగులలో గాలము వేయుచుండెడివాడు. ఒకనాడు చేపనీచుతో, చంకలో వెదురుగెడతో ఆలస్యముగా తరగతికి రాగా, “నీ బ్రదుకంతయు గాలమేనా?” అని అందఱియెదుట ఆ కఱ్ఱను మోకాలికి వేసి విఱిచి కిటికీలోనుండి పాఱవైచితిమి. మేమును వలలు ఆఱబెట్టిన వాకిటనే పుట్టినవారము. సంస్కృతము నేర్చి ఆ వాసనను కడిగికొన్నామని భ్రమపడినవారము. నాడు మేము విఱిచినది వాని కఱ్ఱను కాదు, మా సిగ్గును దాచు తెఱను. ఆతడు దానిని మఱచినాడేమో యని అడిగితిమి. “మఱువలేదు సారూ. మాయయ్య నేర్పిన ఆ చేతివాటముతోనే ఇప్పుడు అన్నము తినుచున్నాను” అనెను. మేము తలవంచుకొంటిమి.

ఇక మన జలములను చూతము. 1963లో పునాది పడిన పోచంపాడు శ్రీరామసాగరము, కరీంనగరు ప్రక్కనున్న దిగువ మానేరు, ఎల్లంపల్లి, కడెము – ఇన్ని జలాశయములు మన ముంగిట గలవు. గోదావరియు ప్రాణహితయు ఉన్నవి. వీనిలో ఎఱకు ఎగబడు వేటాడు చేపలు ముఖ్యముగా రెండు. ఒకటి కొర్రమట్ట, తెలంగాణమునకు రాష్ట్రమత్స్యము. రెండవది వాలుగ, ఆఱడుగుల వఱకు పెరుగగలదు, దాని వెడల్పునోటిలోని పండ్లకు మామూలు దారము నిలువదు. సముద్రమునకు పార యెట్లో, మన గోదావరికి వాలుగ అట్లు. ఇప్పటికే పట్టణముల యువకులు ఖరీదైన కఱ్ఱలతో జలాశయముల గట్లకు వచ్చుచున్నారు. రేపు మఱింతమంది వత్తురు. వారు వచ్చుట మంచిదా చెడ్డదా యనునది మనము ఇప్పుడే తేల్చుకొనవలసిన ప్రశ్న.

మొదట ధర్మమును విచారింతము. ఆకలికై చేపను పట్టుట యొకటి. ఆటకై దాని ప్రాణముతో చెలగాటమాడుట యొకటి. ఏ కొమ్ముకోణముతో ధనికులు వినోదింతురో, అదే కొమ్ముకోణము 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరమున గాలపుత్రాటితో నొక మత్స్యకారుని సముద్రములోనికి ఈడ్చుకొనిపోయినది. ఒకరి ఆట మఱియొకరి బ్రదుకు. దానిని మఱచిన వినోదము వినోదము కాదు.

మఱి పట్టి విడుచుట మాట యేమి? ముల్లులేని గాలము వాడి, చేయి తడిపి పట్టి, క్షణములో నీటికి విడిచినచో చేప చాలవఱకు బ్రదుకును. ఫొటోలకై గట్టుమీద పొరలాడించి విడిచినచో అది నీట చచ్చును. విడిచినవానికి మాత్రము పుణ్యము చేసితినను భ్రమ మిగులును.

కొర్రమట్ట విషయమున మఱింత జాగ్రత వలయును. వానకాలమున ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిమీద గాలికై తేలుచుండగా, తల్లిదండ్రులు క్రింద కావలియుండును. ఆ గుంపునడుమ ఎఱ పడినచో పెద్దచేప ఎగబడునది ఆకలిచేత కాదు, బిడ్డలను కాచుకొనుటకు. దానిని పట్టినచో గుంపంతయు జెల్లలకును పరాయి కొర్రమట్టలకును ఆహారమగును. పిల్లలున్నచోట గాలము వేయరాదని మా తాత మమ్ము చిన్ననాడే మందలించెను. క్రౌంచమిథునమున నొకదానిని బోయ కొట్టగా వాల్మీకిహృదయము చలించెను గదా! మా తాత రామాయణము చదువలేదు. కాని ఆ నీతిని నీటియొడ్డున నేర్చెను. వాలుగయు నేడు ఆపదకు లోనగు జాతులలో లెక్కింపబడినది. తూటాలతోను విషముతోను చేపలను చంపుట 1897 నాటి చట్టమే నిషేధించినను, ఆ పాడుపని మన జలములలో పూర్తిగా ఆగలేదు. అట్టివానిని అడ్డుటకు నీటిపై నిత్యము కన్నుంచువారు కావలెను.

కావేరీతీరమున భీమేశ్వరి ప్రాంతమందు జరిగినది మనకు పాఠము. అచ్చట పెద్ద బిడిసె జాతిచేపలను పట్టి విడుచు వేటకై విడుదులు వెలసెను. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు చంపిన ఊరివారే దారిచూపువారై, కావలివారై, జీతములు పొందిరి. తరువాత అభయారణ్యములలో గాలపువేట నిషిద్ధమని నిర్ణయింపగా అది ఆగిపోయెను. మనకును 2012లో పులుల సంరక్షణకై ప్రకటించిన కవ్వాల అడవియు, ప్రాణహిత అభయారణ్యమును, మొసళ్లున్న శివ్వారమును కలవు. అచ్చట గాలము తలపెట్టనే రాదు. తక్కిన జలములయందే మన మాట.

కాబట్టి మేము సంఘమునకు మూడు మనవులు చేయుచున్నాము. మన సహకారసంఘముల హక్కున్న నీటిలో వినోదపువేట యేది జరిగినను, అది సంఘపు అనుమతితో, మన పడవతో, మన యువకుడు దారిచూపువాడుగా జరుగవలెను. హక్కును మాత్రము ఎవరికిని వదలరాదు. పిల్లలతో నున్న కొర్రమట్టను, గ్రుడ్లతో ఎదురెక్కు చేపలను మనవారుగాని పరులుగాని ముట్టరాదని సంఘమే తీర్మానింపవలెను. మూడవది, ఏ నీట ఏ చేప యే వేళ మెసలునో చెప్పగల వృద్ధులు ఇంకను మనయందున్నారు. వారిని కూర్చుండబెట్టి, వారి పేర్లతోనే, ఆ యెఱుకను వ్రాయింపవలెను. సోమేశ్వరుని గ్రంథమున పోయిన పేర్లు ఈమాఱు పోరాదు. ఆ వ్రాతపనికి మా కలమును, మిగిలిన మా కంటిచూపును అర్పించుచున్నాము.

శిష్యుడు మరల మస్కట్టు పోయెను. పోవునపుడు మేము వానికొక వెదురుగెడను, బెండును గాలమును కట్టి యిచ్చితిమి. ఇన్నేండ్ల అప్పు అట్లు తీఱునని కాదు, అప్పున్నదని ఒప్పుకొనుటకు. మన బడులలో మఱి యే పంతులును ఏ జాలరిబిడ్డ చేతి గాలమును విఱువకుండుగాక!

 గంగాదేవి మనలను చల్లగా చూచుగాక.

స్వస్తి.