ఉచిత ప్రసారములు మన యింటికి వచ్చు దారి

(సంఘ మందిరమున సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వర్తకులకు సభలో మాటలాడుట కంటె కొట్టులో లెక్క చూచుట సులభము. అయినను, నెలనెల టీవీ చందా భారమై తెలుగు చానెళ్లను మానుకొన్నామని మన వృద్ధులు కొందఱు కార్యవర్గముతో చెప్పుకొనుటచే, ఈ విషయము విచారించి తెలిసికొన్నంత మీకు విన్నవించుచున్నాము.

ఒకప్పుడు మన మేడలపై చేపముల్లు వంటి ఏరియల్ ఉండెడిది. గాలి వీచినప్పుడెల్ల ఒకరు పైకెక్కి త్రిప్పుట, క్రిందనుండి మఱియొకరు "వచ్చింది, వచ్చింది" అని కేక వేయుట మీకు జ్ఞాపకముండును. ఆ కాలము గడచినది. 2022 మార్చి నాటికి దూరదర్శన్ వారి అనలాగు ట్రాన్స్‌మిటర్లు దేశమందు కొద్దిగా మాత్రమే మిగిలి, తక్కినవి మూతపడినవి. నేలమీది డిజిటల్ ప్రసారములను 2016లో బెంగుళూరుతో సహా 16 నగరములలో ప్రారంభించిరి. కాని తెలుగు కోరువారికి అనువైన దారి ఉపగ్రహము.

ఇది మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు సైట్ అను ప్రయోగమున ఆంధ్ర, కర్ణాటక గ్రామములు కూడ ఉపగ్రహము నుండి నేరుగా టీవీ చూచినవి. నాటి తీగవల గిన్నె సుమారు 3 మీటర్ల వెడల్పు. నేడు 60 సెంటీమీటర్లు చాలును.

2004 డిసెంబరులో ప్రారంభమైన ఆ ఉచిత సేవయే నేటి డీడీ ఫ్రీ డిష్. దీనికి నెలసరి చందా లేదు. ఆంధ్రప్రదేశ్ సప్తగిరి, తెలంగాణ యాదగిరి, మన కర్ణాటకపు చందన, మూడును అందులో లభించును. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష, తెలుగు మన తల్లి భాష. రెండును ఒక్క గిన్నెలో చేరుట మాకు సంతోషకరముగా నున్నది.

వలయు సామగ్రి నాలుగు. మొదటిది డిష్. రెండవది దాని యెదుట కొమ్మకు బిగించు ఎల్.ఎన్.బి. డిష్ కూడబెట్టిన బలహీన తరంగములను ఇదియే గ్రహించి, తీగలో ప్రయాణింపదగినట్లు మార్చును. మూడవది ఆర్.జి.6 కేబుల్. నాలుగవది సెట్ టాప్ బాక్సు. పాత ఎంపెగ్-2 పెట్టెను చవుకగా నిచ్చినను కొనవలదు. ఎంపెగ్-4 పెట్టె లేనిదే హెచ్.డి. చానెళ్లు కానరావు. ఉపగ్రహ ట్యూనర్ లోపలనే అమర్చిన టీవీలకు 2022లో భారతీయ ప్రమాణమేర్పడినది. అట్టి దానికి వేఱు పెట్టె అక్కఱలేదు.

ఇక దిక్కు. జీశాట్-15 ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున కలదు. బెంగుళూరు నుండి చూడ అది ఆగ్నేయమున, అనగా మన పెద్దలు వంటింటికి చెప్పిన మూలను, దిగంతము నుండి సుమారు 66 డిగ్రీలు పైన నుండును. లెక్క యిది: ఆ దిశలో పది అడుగుల దూరమున నున్న గోడ గాని చెట్టు గాని, డిష్ కంటె ఇరువదిరెండు అడుగులు మించి లేచిననే అడ్డము. కావున ఇరుకు వీధులవారును నిరాశ చెందనక్కఱలేదు. జడివానలో చిత్రము కొంతసేపు ఆగిపోవచ్చును. వాన తగ్గినంతనే తిరిగి వచ్చును. దానికై మెకానిక్కును పిలువవలదు.

మా అనుభవ మొకటి చెప్పవలెను. పండుగకు పెద్ద హెచ్.డి. టీవీ కొన్నాము. అంగడివారు "హెచ్.డి. ఏరియల్" అని మఱియొక వస్తువు కూడ అంటగట్టిరి. ఇంటికి వచ్చి చూడ చిత్రము మసకగా నుండెను. మా తల్లిగారు, "నాయనా, పాత పెట్టెలోనే ముఖములు బాగుండెడివి" అనిరి. ఇరువదియేండ్లుగా సరకు చూచి కొను మాకు సిగ్గయ్యెను. కారణమేమనగా, పెట్టెను టీవీకి ఎఱుపు, తెలుపు, పసుపు మొనలుగల పాత తీగతో కలిపిరి. ఆ తీగ హెచ్.డి. చిత్రమును మోయదు. హెచ్.డి.ఎం.ఐ. తీగ కావలెను. ఏరియల్‌కు గాని డిష్‌కు గాని హెచ్.డి. అను భేదమే లేదు. ఆ భేదము పంపు చిత్రమున, పెట్టెలో, తీగలో, తెఱలో నున్నది. సాధారణ చిత్రమునకు 576 గీతలు, పూర్తి హెచ్.డి.కి 1080. చానెళ్లన్నియు హెచ్.డి. కావు. సాధారణముగా పంపినది ఎంత పెద్ద తెఱపైనను సాధారణమే.

సామగ్రికి ఒక్కసారి సుమారు 2,000 రూపాయలు వ్యయమగును. ఆపై ఖర్చు విద్యుత్తు మాత్రమే. మన మందిరపు చదువుగదిలో ఒక డిష్ నెలకొల్పవలెనని, ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లకు మన యువకులు ఆదివారములందు పోయి అమర్చి రావలెనని ప్రతిపాదించుచున్నాము. మొదటి రెండు డిష్‌ల వ్యయము మేము భరింతుము. వెల లేక వచ్చు తెలుగు మాట మన యింటి కప్పు దాక వచ్చి నిలిచియున్నది. దానిని లోనికి తెచ్చుకొనుట మన పని.