లేపాక్షి పేరు

హిందూపురమునకు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. వీరభద్రాలయమును, 27 అడుగుల పొడవు గల ఏకశిలా నందిని చూడబోయిన శ్రోతలకు అచ్చట మొదట వినవచ్చునది ఊరి పేరు కథ. రావణునితో పోరి రెక్కలు తెగిన జటాయువు ఇచ్చట పడెననియు, శ్రీరాముడు "లే పక్షీ" యని పలికెననియు, ఆ పలుకే పేరయ్యెననియు చెప్పుదురు. రాముడు తెలుగున పలికెనా యని అడుగుట రసజ్ఞత కాదు, మేమును అడుగము. కాని వ్యాకరణమొక చిక్కు తెచ్చుచున్నది. 'లే', 'పక్షి' కలిసిన 'లేపక్షి' కావలెను. 'పా' యను దీర్ఘమునకు చోటు లేదు. 'లేప', 'అక్షి' యను సంస్కృత పదములు సవర్ణదీర్ఘ సంధిచే కలిసినచో, ఉన్నదున్నట్లు 'లేపాక్షి' వచ్చును. లేపమనగా పూత, అక్షి యనగా కన్ను.

ఎవరి కన్ను? దీనికిని కథ సిద్ధముగా నున్నది. అచ్యుతదేవరాయల కాలమున, 1530 ప్రాంతమున, పెనుకొండలో కోశాధికారియైన విరూపన్న, అతని సోదరుడు వీరన్న ఈ ఆలయమును కట్టించిరి. రాజధనమును అనుమతి లేక వెచ్చించెనని రాయలు కన్నులు తీయింప నాజ్ఞాపింపగా, విరూపన్న తానే కన్నులు పెఱికి గోడకు విసరెనని జనశ్రుతి. ఆ గోడపై రెండు ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. మఱికొందఱు, మండపముల పైకప్పున విజయనగర చిత్రకారులు వ్రాసిన బొమ్మల విశాల నేత్రములే పేరునకు మూలమందురు. మాకు నచ్చినది ఈ చివరి మాట. ఆ కన్నులను చూచినవారు మమ్ము తప్పు పట్టరు.

ఇరుగుపొరుగు పేర్లు ఇంత చిక్కు పెట్టవు. పెనుకొండ యనగా పెద్ద కొండ. పండితులు దానిని ఘనగిరి యనిరి. 1565లో రాక్షసితంగడి యుద్ధానంతరము విజయనగర రాజధాని అచ్చటికి తరలినను, జనుల నోట పెనుకొండయే నిలిచినది. హిందూపురము మరాఠా నాయకుడు మురారిరావు తండ్రి పేర వెలసినదందురు; ధర్మవరమునకు క్రియాశక్తి ఒడెయరు తన తల్లి ధర్మాంబ పేరు పెట్టెనందురు.

పేరు మారుట వేఱు, పేరునకు అర్థము మారుట వేఱు. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గు 1914లో పెట్రోగ్రాడు, 1924లో లెనిన్‌గ్రాడు అయి, 1991లో మరల పాతపేరు పొందినది. లేపాక్షికి అట్టి యవస్థ కలుగలేదు. మారినది దాని జిల్లా. 1882లో బళ్లారి జిల్లా నుండి విడదీసి అనంతపురము జిల్లా నేర్పఱచిరి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చినది. కేంద్రము తమ ఊరే కావలెనని హిందూపురమువారు ఆందోళన చేసిరి. లేపాక్షివారు చిరునామాలో ఒక్క పంక్తి మార్చుకొనిరి. ఊరి పేరు జోలికి ఎవరును పోలేదు.

నందికి చేరువనున్న పెద్ద బండపై ఇప్పుడు జటాయువు విగ్రహము నిలిపియున్నారు. దానిని చూచి కేరింతలు కొట్టు బాలునికి సవర్ణదీర్ఘ సంధిని గూర్చి చెప్పుట ఎవరి తరము?